బొడ్రాయి దగ్గర మొదలయ్యే పాఠం: ప్రాథమిక తరగతుల్లో చరిత్ర బోధన

సంక్షిప్తంగా: తెలంగాణ ప్రభుత్వ బడుల్లో అయిదో తరగతి దాకా చరిత్ర విడి పాఠ్యాంశం కాదు, ఆరో తరగతిలో సాంఘిక శాస్త్రంతో పాటు అది ఒక్కసారిగా ఎదురవుతుంది. పిల్లలకు తేదీలు ఆలస్యంగా అందుతాయన్నది నిజమే అయినా, ముందు వెనుకల వరుస, ఆధారాన్ని చూసి ఊహించడం చాలా ముందే అందుతాయని పరిశీలనలు చూపాయి. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్లలో ఇందుకు కావలసిన సామగ్రికి కొదవ లేదు. కొరతంతా బోధన సమయంలో, పరీక్షల తీరులో, ఊరి గురించి సరిచూసిన సమాచారంలో ఉంది.

సెప్టెంబర్ 17 గురించి పిల్లలకు రెండు మాటలు చెప్పాల్సి వచ్చినప్పుడు నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) ప్రాంతాల ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులకు మొదటి వాక్యంలోనే చిక్కు ఎదురవుతుంది. ఆ రోజును ఏ పేరుతో పిలవాలి? 2022లో రాష్ట్ర ప్రభుత్వం దానిని జాతీయ సమైక్యతా దినంగా జరిపింది. 2024లో అదే తేదీ ప్రజాపాలన దినోత్సవమైంది. కేంద్ర ప్రభుత్వం హైదరాబాద్ విమోచన దినంగా పాటిస్తోంది. విలీనమన్న మాటే సరైనదని వాదించేవారూ ఉన్నారు. ఇంట్లో ముసలివాళ్లు ఈ నాలుగింటినీ పక్కన పెట్టి ‘పోలీసు యాక్షన్ అయిన రోజు’ అంటారు. నాలుగో తరగతి పిల్లవాడు ఒక్క వారంలో ఈ అయిదు మాటలూ వినే అవకాశం ఉంది. అవన్నీ 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 వరకు నడిచి, నిజాం హైదరాబాద్ రాజ్యాన్ని భారత్‌లో కలిపిన ఒకే సంఘటనకు సంబంధించినవని గ్రహించాలంటే, జరిగినది ఒకటి, దానికి తరువాతివారు పెట్టుకున్న పేరు మరొకటి అన్న తేడా ముందుగా తెలిసి ఉండాలి. చరిత్ర నేర్పవలసిన మొదటి తేడా ఇదే. దీనిని ఏ తరగతిలో, ఏ విధంగా నేర్పాలన్న దానిపై మాత్రం స్పష్టత కొరవడింది.

పుస్తకంలో చరిత్ర ఎక్కడుంది?

దేశంలోని చాలా రాష్ట్రాల్లాగే తెలంగాణలోనూ మూడు నుంచి అయిదో తరగతి వరకు పరిసరాల విజ్ఞానం అనే ఒకే పాఠ్యాంశం ఉంది. సామాన్య శాస్త్రం, భూగోళం, పౌర జీవనం, చరిత్ర అన్నీ అందులోనే కలిసి వస్తాయి. జాతీయ స్థాయిలో ఒకప్పుడు పరిసరాల విజ్ఞానం రెండు భాగాలుగా ఉండేది. సామాజిక విషయాలు రెండో భాగంలోకి వచ్చేవి. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం నాటికి ఈ విభజన పోయి కుటుంబం, ఆహారం, నివాసం, నీరు, ప్రయాణం, మనం చేసే వస్తువులు వంటి ఇతివృత్తాల చుట్టూ పాఠాలు అల్లడం మొదలైంది. పిల్లవాడు చెరువును చూసినప్పుడు ఇది భూగోళం, ఇది చరిత్ర అని విడదీసుకుని చూడడన్నది ఈ ఆలోచనకు మూలం. ఆ మూలంలో దోషం లేదు. 2023 పాఠ్యప్రణాళిక చట్రం కూడా మూడు నుంచి అయిదు తరగతులకు ‘మన చుట్టూ ఉన్న ప్రపంచం’ అన్న ఉమ్మడి పాఠ్యాంశాన్నే నిలిపింది.

ఆచరణలో మాత్రం కలిపిన నాలుగింటిలో చరిత్ర పలచబడింది. నీటి పాఠంలో ఆవిరి, వాన, నీటి పొదుపు పూర్తి పాఠాలవుతాయి. ఆ ఊరి చెరువును ఎవరు, ఎందుకు తవ్వించారన్నది ‘పెద్దలను అడిగి తెలుసుకోండి’ అన్న ఒక్క వాక్యంగా మిగిలిపోతుంది. అడిగి వచ్చిన పిల్లవాడి జవాబును ఏం చేయాలో పుస్తకం చెప్పదు. అందువల్ల ఆరో తరగతిలో పిల్లవాడు వేటగాళ్లు, ఆహార సేకరణ, తొలి రాజ్యాలు, సామ్రాజ్యాలు అంటూ వేల ఏళ్ల దూరాన్ని ఏ ఆసరా లేకుండా దాటాల్సి వస్తుంది. క్రీస్తు పూర్వం సంవత్సరాలు ఎందుకు వెనక్కి నడుస్తాయో అర్థం కాకముందే శాతవాహనుల రాజధాని పేరు రాయమని అడుగుతారు. అక్కడ బట్టీ తప్ప మరో దారి కనిపించదు.

ఇతర చోట్ల ఏర్పాట్లు భిన్నంగా ఉన్నాయి. ఇంగ్లండ్ జాతీయ పాఠ్యప్రణాళికలో అయిదు నుంచి ఏడేళ్ల పిల్లలకే చరిత్ర విడి పాఠ్యాంశం. అందులో మొదటి అంశం బతికి ఉన్నవారి జ్ఞాపకంలో వచ్చిన మార్పులు. పొరుగున ఉన్న మహారాష్ట్ర దశాబ్దాలుగా నాలుగో తరగతిలో ఛత్రపతి శివాజీ జీవితాన్ని చరిత్ర పాఠంగా బోధిస్తోంది. ఒకటి ఇంటి నుంచి బయలుదేరితే, రెండోది మహాపురుషుడి నుంచి బయలుదేరుతుంది. కథాబలం రెండోదానిలో ఎక్కువే, కానీ తన ఇంటికీ చరిత్రకూ ఉన్న సంబంధం పిల్లవాడికి అందులో అంతగా కనిపించదు. తెలంగాణ ఏర్పాటు పేరుకు మొదటిదానికి దగ్గరగా ఉన్నా, ఇంటి నుంచి బయలుదేరి వీధి మలుపు దగ్గరే ఆగిపోతోంది.

కాలం పిల్లలకు ఎలా అందుతుంది

చరిత్ర చిన్నవారికి అందదన్న అభిప్రాయానికి జీన్ పియాజే చెప్పిన వికాస దశలను ఆధారంగా చూపేవారు ఎక్కువ. సుమారు ఏడు నుంచి పదకొండేళ్ల వరకు పిల్లల ఆలోచన కంటికి కనిపించే, చేతికి తగిలే వాటి చుట్టూ తిరుగుతుందన్నది అందులోని సారం. దాని నుంచి కొందరు, గతం కనిపించదు కాబట్టి అది పెద్ద తరగతులకే తగినదని తేల్చారు. ఈ తీర్పుకు ఆధారం చాలదు. అమెరికాలో కీత్ బార్టన్, లిండా లెవ్‌స్టిక్ 1990లలో చిన్న తరగతుల పిల్లల ముందు వేర్వేరు కాలాల బొమ్మలు పెట్టి వరుసగా పేర్చమన్నారు. సంవత్సరాల లెక్క పట్టుబడని పిల్లలు కూడా దుస్తులు, వాహనాలు, ఇళ్ల తీరు చూసి చాలావరకు సరిగానే పేర్చారు. అంటే ‘ఎప్పుడు’ అన్న ప్రశ్నకు సంఖ్యతో జవాబివ్వలేని పిల్లవాడు కూడా ‘ఏది ముందు, ఏది తరువాత’ అన్నది చెప్పగలడు. ఎలా తెలిసిందంటే కారణమూ చూపగలడు. వస్తువును చూసి కాలాన్ని ఊహించడమంటే ఆధారంతో పని చేయడమే.

పల్లెల్లోని మాటతీరులో ఈ వరుస ఇప్పటికే ఉంది. తేదీలు లేకపోయినా ‘మా తాత జమానాల’, ‘రజాకార్లప్పుడు’, ‘సాగర్ కట్టేటప్పుడు’, ‘కరెంటు రాకముందు’ అంటూ పెద్దవారు కాలాన్ని గుర్తుల మీద నిలబెడతారు. బోధన చేయవలసింది ఆ గుర్తులకు మెల్లగా సంఖ్యలు తొడగడం. సాగర్ కట్టేటప్పుడు పుట్టానని ఒక తాత చెబితే, నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగిందని, 1967 నాటికి కాలువలకు నీళ్లు వదిలారని తెలిసిన ఉపాధ్యాయుడు తాత వయసును పిల్లల చేతే లెక్క కట్టించగలడు. లెక్కల గంట, చరిత్ర గంట అక్కడ ఒకటవుతాయి.

కాలరేఖను నేలమీద పరిచి చూపడం ఇంకో మార్గం. ఏడాదికి ఒక సెంటీమీటరు చొప్పున దారం పట్టుకుంటే తొమ్మిదేళ్ల పిల్లవాడి జీవితం తొమ్మిది సెంటీమీటర్లు. రాష్ట్రం ఏర్పడిన 2014 దానికి కొద్దిగా అవతల ఉంటుంది. 1948 మీటరు లోపే వచ్చేస్తుంది. పాలమూరుకు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు పెట్టిన 1890 మీటరు దాటి జానెడున్నర దూరంలో ఉంటుంది. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో కాకతీయుల నాటి గుడులను చేరాలంటే ఎనిమిది మీటర్లు నడవాలి. బాదామి చాళుక్యుల అలంపురం నవబ్రహ్మ ఆలయాలకు సుమారు పదమూడు, ఫణిగిరి బౌద్ధ స్తూపం తొలి రోజులకు ఇరవై. నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉన్న ముడుమాల్ నిలువురాళ్ల దాకా పోతే ముప్పై మీటర్లు దాటుతుంది. దారం గదిని, వరండాను దాటి జెండా గద్దె దాకా సాగుతుంది. యునెస్కో తాత్కాలిక జాబితాలో 2025లో చేరిన ఆ రాళ్లు మూడు వేల ఏళ్ల కిందటివన్న వాక్యాన్ని వినడం వేరు, దారం చివర పట్టుకుని నిలబడి తోటిపిల్లలు చిన్నగా కనిపించడం చూడడం వేరు. ‘అప్పట్లో’ అన్న ఒక్క మాటలో తాతనూ రుద్రమదేవినీ కలిపేసే అలవాటు ఇలాంటి పనితో వదులుతుంది.

ఊళ్లో ఉన్న ఆధారాలు

దక్షిణ తెలంగాణలో చాలా ఊళ్ల నడుమ బొడ్రాయి ఉంటుంది. ఊరు కట్టుకున్నప్పుడు నాటిన రాయి అని, ఊరికి బొడ్డు వంటిదని చెబుతారు. పిల్లవాడు రోజూ దాని పక్కనుంచే బడికి వస్తాడు. ఊరు ఎప్పుడూ ఇక్కడే ఉందా, లేక ఒకనాడు మొదలైందా అన్న ప్రశ్నకు ఆ రాయి కంటే మంచి ఆరంభం దొరకదు. అక్కడి నుంచి కూలిన బురుజు, పీర్ల కొట్టం, దొర నివసించిన గడి, మెట్ల బావి, పొలం గట్టున ఒరిగిన వీరగల్లు (వీరుడి గుర్తుగా నిలిపిన రాయి) వరకు నడవడానికి ఒక పూట చాలు. ఇళ్లలో వెతికితే సోల, తవ్వ, మానిక, అడ్డ వంటి కొలత పాత్రలు ఇంకా బయటపడతాయి. కొన్ని ఇళ్లలో హాలి సిక్కా కూడా ఉంటుంది. నిజాం రాజ్యానికి సొంత రూపాయి ఉండేదని, ఏడు హాలి రూపాయలు ఆరు బ్రిటిష్ ఇండియా రూపాయలకు సమానమని, 1959 దాకా అది చెలామణిలో ఉందని చెబితే ‘వేరే రాజ్యం’ అన్న మాటకు పిల్లల చేతిలో బరువు వస్తుంది.

నల్లగొండ వైపు నీళ్లే ఒక పెద్ద చరిత్ర పాఠం. పానగల్లు దగ్గరి ఉదయసముద్రం కందూరు చోళుల కాలపు చెరువు. ఇప్పుడు కృష్ణ నీటిని ఎత్తిపోసే పథకంలో జలాశయంగా పనిచేస్తోంది. శతాబ్దాల కిందట తవ్విన చెరువు ఇప్పటికీ ఎందుకు పనికి వస్తోందన్న ప్రశ్నకు పిల్లలు నేల వాలు, కట్ట, తూము చూసి జవాబు వెతకవచ్చు. అదే జిల్లాలో బోర్లు లోతుకు పోయిన కొద్దీ ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులున్నారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని దేశవ్యాప్తంగా పేరు వచ్చింది. చేదబావి, చేతిపంపు, బోరు, నల్లా అన్న నాలుగు మెట్లలో మూడు తరాల జీవితం ఇమిడి ఉంది. ‘అవ్వా, మీరు సిన్నగున్నప్పుడు నీళ్లు యాడికెళ్లి తెచ్చేటోళ్లు?’ అన్న ప్రశ్నతో ఇంటికి వెళ్లిన పిల్లవాడు మరుసటి రోజు తెచ్చే జవాబుల్లో నీటి దూరంతో పాటు, ఏ బావిలో ఎవరిని చేదనిచ్చేవారు కాదన్నది కూడా ఉంటుంది. దానిని తరగతిలో దాటవేయకూడదు.

పాలమూరు వైపు వలస అలాంటిదే. కరువు కాలంలో పనుల కోసం దూర రాష్ట్రాలకు పోయి ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టిన ‘పాలమూరు లేబర్’ చరిత్ర ఇక్కడి పిల్లల సొంత ఇళ్ల చరిత్ర. దానికి రాతి శాసనాలు ఉండవు. ఉన్నదంతా మనుషుల మాట, కొన్ని పాత ఫొటోలు, తల్లిదండ్రులు పనికి పోయిన ఊళ్ల పేర్లు. ఆ ఊళ్లను పటం మీద గుర్తించి ఏ ఏడు ఎక్కడికి పోయారో రాయించడం అయిదో తరగతికి తగిన పని. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ సంస్థానాల కోటలూ భవనాలూ ఇదే నేలమీద ఉన్నాయి కాబట్టి, కట్టించినవారి పక్కనే కట్టినవారి గురించి అడగడం సహజంగా వస్తుంది. ఈ దృష్టికి ఇక్కడ మంచి పూర్వరంగం ఉంది. పాలమూరు ప్రాంతంలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి రాజుల యుద్ధాలను పక్కకు జరిపి సామాన్యుల తిండి, బట్ట, ఆటలు, ఆచారాలను చరిత్రగా రాశారు; తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 1955లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ అన్న ఆ గ్రంథానికే వచ్చింది. ప్రాథమిక తరగతులకు తగిన చరిత్ర ఏదన్న ప్రశ్నకు ఆయన ఎంచుకున్న విషయ పట్టికలోనే సగం జవాబు దొరుకుతుంది.

స్థానికం అన్నంత మాత్రాన అంతా సులువు కాదు. ఒకే పేరు రెండు చోట్ల ఉంటుంది: పిల్లలమర్రి అంటే మహబూబ్‌నగర్ పిల్లలకు ఊడలు దిగిన మహావృక్షం, సూర్యాపేట పిల్లలకు శిల్పాలున్న గుడి. జిల్లాలూ మారాయి. 2016 అక్టోబర్ 11న, ఆపై 2019లో జరిగిన విభజనల తరువాత ఉమ్మడి నల్లగొండ ప్రధానంగా మూడు జిల్లాలుగా, ఉమ్మడి మహబూబ్‌నగర్ ప్రధానంగా అయిదు జిల్లాలుగా విడిపోయాయి. పాత పుస్తకంలో నల్లగొండ జిల్లా అని ఉన్న పోచంపల్లి ఇప్పుడు యాదాద్రి భువనగిరిలో, కడవెండి జనగామలో ఉన్నాయి. దీనిని అచ్చుతప్పుగా దిద్దేసి ముందుకు సాగకుండా, సరిహద్దులు మనుషులు గీసినవేనని, అవి మారుతాయని చెప్పడానికి వాడుకుంటే అదే ఒక పాఠం.

నమ్మకం, ఆధారం మధ్య తేడా చెప్పడానికి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం అనువైనది. గర్భగుడిలో లింగం వెనుక పడే స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలుస్తుంది. మహిమ అని చెప్పేవారిని తప్పుపట్టనవసరం లేదు. ఏ స్తంభం నీడ, వెలుతురు ఎటునుంచి వస్తోంది అని పిల్లలను అడిగి, అట్టపెట్టె, కొవ్వొత్తులు, పెన్సిళ్లతో బడిలో ప్రయత్నించమంటే కట్టినవారి నేర్పు మీద గౌరవం పెరుగుతుంది. భక్తి, చరిత్ర, వెలుతురు పాఠం ఒకే చోట కలిసినా ఒకదానికొకటి అడ్డురావు.

నొప్పి ఉన్న చరిత్రను ఎలా చెప్పాలి

ఈ జిల్లాల ఇరవయ్యో శతాబ్దపు చరిత్రలో వెట్టి, భూమి, తుపాకి మూడూ ఉన్నాయి. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక సాయుధ పోరాటం పెరిగి 1951 దాకా సాగింది. నిజాం పక్షాన నిలిచిన రజాకార్ల దాడులు, ఆపై సైన్యం రాక, ఆ తరువాతి హింస పలు కుటుంబాల జ్ఞాపకంలో భిన్నంగా ఉన్నాయి. ఒకే తరగతి గదిలో గడి కుటుంబానికి చెందిన పిల్లవాడు, ఆ గడిలో వెట్టి చేసిన ఇంటి పిల్ల, రజాకార్ల పేరు ఎత్తితే అందరూ తనవైపు తిరిగి చూస్తారేమోనని జంకే ముస్లిం పిల్లవాడు పక్కపక్కన కూర్చుని ఉండవచ్చు. ఆ ముగ్గురిలో ఎవరూ ఆ కాలానికి బాధ్యులు కారు. చిన్న తరగతిలో ఈ పాఠం చెప్పేవారు ముందుగా పట్టించుకోవలసింది ఇది.

ఉత్తర ఐర్లాండ్ ఈ చిక్కును ఒక విధంగా పరిష్కరించుకుంది. రెండు వర్గాల మధ్య గతమే తగాదాగా ఉన్న ఆ ప్రాంతంలో ప్రాథమిక తరగతులు పాతకాలపు మనుషులు ఎలా బతికారు, ఏం తిన్నారు, ఎలాంటి ఇళ్లు కట్టుకున్నారు అన్నదానికే ఎక్కువగా పరిమితమయ్యాయి. అక్కడి పిల్లలనూ అమెరికా పిల్లలనూ పోల్చిన బార్టన్, ఉత్తర ఐర్లాండ్ పిల్లలు మార్పును ఒక్కరిద్దరు మహావ్యక్తుల పనిగా కాకుండా సమాజపు జీవనరీతిలో వచ్చినదిగా చూడగలిగారని గమనించారు. అయితే బడి వదిలేసిన తగాదా చరిత్ర పిల్లలకు వీధి గోడల మీది బొమ్మల నుంచీ ఊరేగింపుల నుంచీ ఎలాగూ అందుతుంది. బడి మౌనంగా ఉంటే ఆ ఖాళీని సినిమా, సెల్‌ఫోన్ వీడియో నింపుతాయి. ఇక్కడి పరిస్థితీ అదే.

కాబట్టి పూర్తిగా దాటవేయడం, పూర్తిగా వీరగాథగా చెప్పడం రెండూ సరిపోవు. మూడో తరగతిలో మనుషుల పనులు, ఇళ్లు. నాలుగో తరగతిలో వెట్టి అంటే కూలి ఇవ్వకుండా చేయించుకునే పని అన్న వివరణ. అయిదో తరగతిలో భూమి కథ అన్న క్రమం సాధ్యమే. న్యాయం, అన్యాయం అన్న ఆలోచన ఎనిమిదేళ్ల పిల్లలకు బాగానే అందుతుంది. ఆటలో వంతు తప్పితేనే ఊరుకోరు. భూమి కథకు పోచంపల్లి తగిన ఉదాహరణ. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఆ ఊరికి వచ్చినప్పుడు దళిత కుటుంబాలు ఎనభై ఎకరాలు కావాలని అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా మొదలైంది. అదే జిల్లాలో అప్పటికి సాయుధ పోరాటం ఇంకా ముగియలేదు. ఒకే భూమి కోసం, ఒకే కాలంలో, మనుషులు రెండు దారులు పట్టారన్నది పదేళ్ల పిల్లలు చర్చించగల విషయం. ఆ చర్చ అయ్యాక సెప్టెంబర్ 17కు ఇన్ని పేర్లు ఎందుకున్నాయన్నది వారే ఊహిస్తారు.

బడి లోపలి అడ్డంకులు

ఇద్దరు ఉపాధ్యాయులు అయిదు తరగతులను నడిపే బడిలో మొదటి స్థానం సహజంగానే చదవడం, రాయడం, లెక్కలకు దక్కుతుంది. 2022 నుంచి అమలైన తొలిమెట్టు కార్యక్రమం కూడా వాటినే లక్ష్యంగా పెట్టుకుంది. చదవడమే రాని పిల్లవాడికి చరిత్ర ఎందుకన్న వాదన బలమైనదే. కానీ అవ్వ చెప్పిన నీళ్ల కథను నాలుగు వాక్యాల్లో రాయించడం కూడా చదువు, రాత పనే కదా. పైగా పిల్లవాడికి చెప్పాలనిపించే సంగతి అందులో ఉంటుంది.

పరీక్షల ప్రభావం మరింత లోతైనది. అయిదో తరగతి గురుకుల ప్రవేశ పరీక్షలో పరిసరాల విజ్ఞానం ‘బిట్ల’ రూపంలో వస్తుంది. పేద కుటుంబానికి గురుకుల సీటు చిన్న విషయం కాదు కాబట్టి, నాలుగో తరగతి నుంచే కోటలు, రాజులు, రాజధానులు జంటలుగా కంఠస్థమవుతాయి. నవోదయ ప్రవేశ పరీక్షలో ఈ విభాగమే లేదు. అక్కడికి సిద్ధమయ్యేవారు దానిని వదిలేస్తారు. అంటే ఒక పరీక్ష చరిత్రను ముక్కలు చేస్తే, మరొకటి అక్కరలేనిదిగా చేస్తోంది.

2022–23 నుంచి ఆంగ్ల మాధ్యమం రావడంతో పాఠ్యపుస్తకాలు ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఆంగ్లంతో వస్తున్నాయి. ఊరి చరిత్ర దొరికేది ఇంటి భాషలో, దేవరకొండ వంటి చోట్ల లంబాడీ భాషలో. సేకరణ ఇంటి మాటలో, రాత బడి భాషలో సాగేలా చూసుకుంటే ఇది అడ్డంకి కాకపోవచ్చు.

మారితే ఎలా మారవచ్చు

కొత్త పుస్తకం కంటే ముందు కావలసింది మండలానికి ఒక చిన్న సమాచార పుస్తిక. బదిలీపై వచ్చిన ఉపాధ్యాయునికి ఆ ఊరి బురుజు సంగతి తెలిసే వీలు లేదు. ఊళ్లో ఎవరు ఏం చెబితే అదే పాఠమవుతుంది. నల్లగొండ జిల్లా శాసనాలు సంపుటాలుగా ఇదివరకే అచ్చయ్యాయి. వాటిలోంచి ఆ మండలానికి చెందిన సంగతులు సులభమైన తెలుగులో తీసి, ఇది శాసనం చెప్పింది, ఇది జనం చెప్పుకునేది అని విడదీసి ఎనిమిది పుటల్లో ఇస్తే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లోనే చర్చించుకోవచ్చు. గురుకుల ప్రవేశ పరీక్షలో రెండు ప్రశ్నలైనా బొమ్మలను వరుసలో పెట్టమనో, ఆధారాన్ని చూసి ఊహించమనో అడిగితే బోధన తీరు కూడా ఆ వైపు కదులుతుంది. బిట్లను మార్చకుండా పాఠాన్ని మార్చమంటే ఏ ఉపాధ్యాయుడికైనా కష్టమే.

ఇందులో ఒక్క పనికి మాత్రం గడువు ఉంది. 1948లో పదేళ్లున్నవారు ఇప్పుడు తొంభైకి చేరువలో ఉన్నారు. ఆ కాలాన్ని కళ్లతో చూసినవారు చాలా ఊళ్లలో ఒకరో ఇద్దరో మిగిలారు, కొన్ని ఊళ్లలో ఎవరూ లేరు. మోట కొట్టినవారు, హాలి సిక్కాతో ఉప్పు కొన్నవారు, సాగర్ పనికి తట్టలు మోసినవారు కూడా ఆ వయసుకే దగ్గరవుతున్నారు. శాసనం ఎప్పుడైనా చదువుకోవచ్చు. వీరిని ఈ ఏడు అయిదో తరగతిలో ఉన్న పిల్లలే అడగగలరు.